ఇరవై ఆరేళ్లకు ఆర్మీ ఆఫీసర్: ఎస్సెస్సీ టెక్ మేలా, టెరిటోరియల్ ఆర్మీ మేలా?

"అన్నా, బీటెక్ అయి నాలుగేళ్లయింది, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. ఇప్పుడు ఆర్మీకి ట్రై చేయొచ్చా? చేస్తే ఏది బెటర్?" ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. సీడీఎస్ (ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంపికకు యూపీఎస్సీ పెట్టే పరీక్ష) వయసు దాటిన ఇంజినీర్లకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఎస్సెస్సీ టెక్‌కు (షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే ఇంజినీర్లు కొన్నేళ్లపాటు ఆర్మీ ఆఫీసర్‌గా చేసే ఉద్యోగం) 27 ఏళ్ల వరకు, టెరిటోరియల్ ఆర్మీకి (సొంత పని చేసుకుంటూనే పార్ట్‌టైమ్‌గా చేసే ఆర్మీ సేవ) 42 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. గ్రూప్స్‌కు చదివినవాళ్లు కేటగిరీని బట్టి వయసులో సడలింపు ఉంటుందనుకుంటారు. ఇక్కడ అది లేదు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన పుట్టిన తేదీల్లోకి ఒక్క రోజు తేడాతో రాకపోయినా అప్లికేషన్ చెల్లదు.

టెరిటోరియల్ ఆర్మీ అనగానే అందరూ ధోనీ పేరు చెబుతారు. ఆయనది గౌరవ హోదా. మనలాంటివాళ్లు పరీక్ష రాయాలి, ఇంటర్వ్యూ, ఎస్సెస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు పెట్టే పరీక్షలు, ఇంటర్వ్యూ), మెడికల్ అన్నీ దాటాలి. కాంగ్రెస్ నేత సచిన్ పైలట్ ఆ దారిలోనే ఆఫీసర్ అయ్యారు. పెళ్లయినవాళ్లకూ ఇందులో చోటుంది. అయితే ఇది పూర్తికాలపు కొలువు కాదు. మీకు వేరే సంపాదన ఉండితీరాలి, ఏటా రెండు నెలలు ట్రైనింగ్‌కు వెళ్లాలి, అవసరమై పిలిస్తే బయల్దేరాలి. ఖాళీలు కూడా చాలా తక్కువ.

ఎస్సెస్సీ టెక్‌లో రాతపరీక్షే లేదు. ఇంజినీరింగ్ మార్కులను బట్టి షార్ట్‌లిస్ట్ చేసి ఎస్సెస్‌బీకి పిలుస్తారు. కాబట్టి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని "ప్రిపేర్" అవ్వడంలో నాకు అర్థం కనిపించదు. జీతం వదులుకుని చదవడానికి ఇందులో సిలబస్ ఏముంది?

నా లెక్కలో అసలు పరీక్ష కాళ్లకు. ఈ మధ్య నోటిఫికేషన్లలో మగవాళ్లు ట్రైనింగ్‌కు వచ్చేనాటికి 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తగలగాలని, 40 పుషప్స్, 6 పులప్స్ తీయగలగాలని రాస్తున్నారు. ఈ పరుగంటే కిలోమీటరు దాదాపు 4 నిమిషాల 22 సెకన్లు. నాలుగేళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తుంది. ఎముకలు, కీళ్ల దగ్గరి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) అంత తొందరగా గట్టిపడవు. ఊపిరి అందుతోంది కదా అని మూడో వారానికే వేగం పెంచితే మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి మొదలవుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఎముకలో సన్న చీలిక పడొచ్చు. ట్రైనింగ్ 49 వారాలు, అదీ బూట్లతో, వీపు మీద బరువుతో. అక్కడ కాలు దెబ్బతిని ఎక్కువ రోజులు పోతే వెనక బ్యాచ్‌తో కలపొచ్చు. కాబట్టి కాల్ లెటర్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. అప్లై చేసిన రోజు నుంచే నెమ్మదిగా మొదలుపెట్టండి. ముందు నడక, తర్వాత నడుస్తూ పరుగెత్తడం, వేగం అన్నిటికన్నా చివర. ఈతలో బేసిక్స్ కూడా రావాలంటున్నారు, అది చాలామంది చదవని లైను.

పెర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఆఫీసర్ ఉద్యోగం) కావాలంటే టీజీసీ, అంటే టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు ఉంది, వయసు 27 వరకే, మగవాళ్లకే. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)లో ట్రైనింగ్. సీట్లు ఈ మధ్య 30 మాత్రమే, ఎస్సెస్సీ టెక్‌లో మగవాళ్లకు 350 దాకా ఉంటున్నాయి. రెండింటికీ అప్లై చేయండి. లా చదివినవాళ్లకు జాగ్ (ఆర్మీ న్యాయ విభాగం) ఉంది, దానికీ 27 వరకే.

ఎస్సెస్సీలో పదేళ్ల సర్వీస్, కావాలంటే మరో నాలుగేళ్లు. ఆ తర్వాత బయటికొస్తే పెన్షన్ ఉండదు. ఇరవై ఎనిమిదికి కమిషన్ వస్తే ముప్పై ఎనిమిదికి మళ్లీ ఉద్యోగాల వేట, ఇది చిన్న విషయం కాదు. ట్రైనింగ్ అయ్యేదాకా పెళ్లి కుదరదు కాబట్టి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ గొడవ వేరే! ఇవన్నీ తెలిసీ, 27 దాటనివాళ్లకు నేను ఎస్సెస్సీ టెక్కే చెబుతాను. రోజూ యూనిఫాం వేసుకునే బతుకు కావాలంటే దాన్ని ఏడాదికి రెండు నెలలు ఇవ్వలేవు. చేస్తున్న పని ఇష్టంగా ఉండి, దాంతోపాటు ఇది కూడా కావాలనుకునేవాళ్లకు మాత్రం టెరిటోరియల్ ఆర్మీ సరైనది.

ఏ దారిలో వెళ్లినా ఎస్సెస్‌బీ ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?" అని అడగొచ్చు. చిన్నప్పటి నుంచీ కల అనొద్దు, అప్పుడే ఎందుకు రాయలేదన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న. ఈ నాలుగేళ్లలో ఆఫీసులో మీరు బాధ్యత తీసుకుని చేసిన పని ఒకటి చెప్పండి.