బ్లెన్‌హైమా, స్టౌర్‌హెడ్డా?

రెండూ ఇంగ్లండ్‌లో పెద్ద తోటలున్న పాతకాలపు సంపన్నుల భవనాలే. లండన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే బ్లెన్‌హైమ్ తేలిక. ఆక్స్‌ఫర్డ్ దాకా రైలు, అక్కడి నుంచి వుడ్‌స్టాక్‌కు బస్సు. 1874లో విన్‌స్టన్ చర్చిల్ పుట్టిన గది ఈ భవనంలోనే ఉంది. 1760లలో తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ గ్లైమ్ అనే చిన్న ఏటికి అడ్డుకట్ట వేసి చెరువు నింపాడు. దాంతో అంతకుముందు ఈ భవన వాస్తుశిల్పి వాన్‌బ్రో కట్టిన పెద్ద వంతెన కింది భాగం నీట మునిగింది. మునిగాకే ఆ వంతెనకు అందం వచ్చిందని నాకనిపిస్తుంది.

స్టౌర్‌హెడ్‌కు కారుంటే మేలు. లేకపోతే లండన్‌లోని వాటర్‌లూ స్టేషన్ నుంచి గిల్లింగ్‌హామ్‌కు రైలు, ఆపైన టాక్సీ. కెంట్‌లోనూ అదే పేరుతో స్టేషన్ ఉంది, మనం దిగాల్సింది డోర్సెట్‌లో. ఇక్కడ ఇల్లు త్వరగానే చూసేయవచ్చు. రోజంతా తోటకే ఇవ్వాలి. బ్యాంకరు హెన్రీ హోర్ 1740ల నుంచి లోయలో నీళ్లు నిలిపి, చుట్టూ తోటకు అలంకారంగా పాత రోమన్ తరహా గుళ్లు కట్టించాడు. నడుస్తుంటే వాటిలో ఒకటైన పాంథియాన్ గోపురం నీటికి అవతల కనిపిస్తుంది, చెట్ల చాటుకు వెళ్తుంది, మళ్లీ దగ్గరగా ఎదురవుతుంది. దారిలో చల్లని రాతి గుహ. లోపల నిద్రపోతున్న జలకన్య విగ్రహం, దాని కిందుగా జారే ఊట నీరు. ఆ చప్పుడు వింటూ ఎంతసేపైనా నిలబడవచ్చు.

పెద్ద హంగు చూడాలనుకునే అమ్మానాన్నలను బ్లెన్‌హైమ్‌కు తీసుకెళ్లండి. నడవగలిగేవారైతే మాత్రం, అక్టోబరులో ఆకులు ఎర్రబడినప్పుడు, స్టౌర్‌హెడ్‌కే.