కొత్త నాటకానికి పాత డ్రామా కంపెనీ: వేషాలు, హార్మోనియం భేష్, మైకులు వద్దు

పిల్లలు సొంతంగా రాసుకున్న నాటకానికి వేషాలు, వాయిద్యాలు ఎక్కడ దొరుకుతాయని తోటి టీచర్లు అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ధవళేశ్వరం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈసారి వార్షికోత్సవానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు కాటన్ దొర ఆనకట్ట కథను గంటసేపు సంగీత నాటకంగా వేశారు. 1833 నాటి కరువుతో మొదలై, 1847లో పని మొదలవడం, 1852లో పూర్తవడం దాకా నడుస్తుంది. రాళ్లు మోసే కూలీల పాట, పడవ వాళ్ల పాట, గోదారమ్మ అలిగే పాట, అన్నిటికీ మాటలూ బాణీలూ వాళ్లవే. ఇంత కష్టపడిన పిల్లలకు ఏదో ఒక గుడ్డ చుట్టి స్టేజీ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. రాజమండ్రిలో, తిరునాళ్లలో ఆడే పద్య నాటకాలకు సామాన్లు సరఫరా చేసే ఒక పాత కంపెనీతో మాట్లాడుకున్నాం.

అల్లూరి నాటకాల పుణ్యమా అని వాళ్ల దగ్గర దొర వేషాలకు కొదవ లేదు. అయితే అవన్నీ ఖాకీ యూనిఫాంలు. దుకాణం పెద్దాయన తనంతట తానే, "కాటన్ దొర కాలం వేరండి టీచరుగారూ, మన వాడికి ఖాకీ నప్పదు" అని లోపలి బీరువాలోంచి మోకాళ్ల దాకా వచ్చే నల్ల కోటు తీశారు. పిల్లాడికి భుజాల దగ్గర వదులైతే అక్కడే కుట్లు వేయించి ఇచ్చారు. వేషానికి అద్దె 250 రూపాయలు. పంచెలు, తలపాగాలు ఇళ్లలోంచే తెచ్చుకోండి, వాటికి అద్దె కట్టడం దండగ.

నది కోసం పొడవాటి నీలం శాటిన్ గుడ్డ అడిగి తీసుకోండి. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు పట్టుకుని ఊపితే వరద గోదారి నిజంగా స్టేజీ మీదికి వచ్చినట్టే ఉంది. ఆనకట్ట లేచాక అదే గుడ్డ కాలువై జనం మధ్యలోకి సాగింది. ఆ ఆలోచన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయిది.

ఇక హార్మోనిస్టు. కంపెనీ పంపిన ఈయన కోసమైనా వాళ్ల దగ్గరికి వెళ్లమంటాను. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం, అంకె పెరిగేకొద్దీ పైకి వెళ్తుంది. మా ఆడపిల్లలు అయిదు శ్రుతిలో హాయిగా పాడతారు. మగపిల్లలకు గొంతు మారే వయసు, ఒకటి శ్రుతి దాటితే గొంతు పీల అవుతుంది. ఆయన అందరినీ విడివిడిగా పాడించుకుని విన్నారు. కూలీల పాటను సవాలు జవాబుగా విడగొట్టి, మగపిల్లల చరణం కింద శ్రుతిలో, ఆడపిల్లల జవాబు పై శ్రుతిలో పెట్టించారు. మధ్యలో శ్రుతి మారేచోట ఢోలక్ దరువు వేయించారు. పిల్లలకు టెన్షన్ పోయింది. పద్య నాటకాల్లో పండిన మనిషి అయినా ఎక్కడా రాగం సాగదీయలేదు. "మాట వినపడాలి బాబూ, రాగం తరవాత" అని పిల్లలకు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఒక్క బాణీ కూడా తనది చొప్పించలేదు. అది నాకు చాలా పెద్ద విషయం.

మేకప్ ఫర్వాలేదు. మీసాలు అంటించే స్పిరిట్ గమ్ కొందరి చర్మానికి పడదు, ముందు రోజే మణికట్టు మీద రాసి చూడండి.

మైకులు మాత్రం వాళ్ల దగ్గర తీసుకోవద్దు. పైనుంచి వేలాడే మైకులు నిలబడి పాడే పద్యానికి సరిపోతాయి. పరుగెత్తుతూ, చిందులేస్తూ పాడే పిల్లలకు చాలవు. కాలర్ మైకులు ఇచ్చారు గానీ కరువు సీన్లోనే రెండింటి బ్యాటరీలు అయిపోయాయి. తల్లి పాత్ర వేసిన అమ్మాయి పాట వెనక వరసలకు చేరనే లేదు. నెలల తరబడి రాసుకున్న పాట అది, ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. కంపెనీ వాళ్లు మైకుల అద్దె వెనక్కిచ్చారు, కానీ ఆ పాట మళ్లీ రాదు కదా. సౌండుకు వేరే మనిషిని పెట్టుకోండి, కొత్త బ్యాటరీలు మీరే కొనుక్కోండి, వేషాలతో ఒక పూర్తి రిహార్సల్ మైకులు పెట్టే చేయండి.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా వాళ్లకు తిరునాళ్ల సీజను. వార్షికోత్సవం ఆ రోజుల్లో అయితే దసరాకే అడ్వాన్సు ఇచ్చి, హార్మోనిస్టు గారి తేదీ ముందు ఖాయం చేసుకోండి. వేషాలు తరవాతైనా దొరుకుతాయి.