దాక్కోవడానికి చోటు లేని దీవి: ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’

అగాథా క్రిస్టీ 1939లో రాసిన నవల ఇది. ఇంగ్లండ్‌లోని డెవన్ తీరానికి దగ్గర్లో ఓ రాతి దీవి, అందులో పదిమంది; ఒక్కొక్కరే చనిపోతుంటారు. పాడుబడ్డ బంగళా కాదు. ఇల్లు కొత్తది, కరెంటు దీపాలతో వెలిగిపోతుంటుంది. నవలకు అసలు బలం ఇదే. హంతకుడి కోసం ముగ్గురు కలిసి దీవిని, తర్వాత ఇంటినీ గాలిస్తారు. చాటన్నదే లేని బండ కాబట్టి బయటివాడెవడూ లేడని త్వరగానే తేలిపోతుంది. ఇక అనుమానం పక్క కుర్చీ మీదికే మళ్లాలి!

దారులు మూసిన వరస మరీ గొప్పగా ఉంది. రోజూ పొద్దున పాలు, రొట్టె, ఉత్తరాలు తెచ్చే పడవ ముందు ఆగిపోతుంది, తుపాను ఆ తర్వాతే వస్తుంది. తుపానే ముందొస్తే పడవ రాకపోవడం మామూలు విషయమైపోయేది, అందులో ఎవరి చెయ్యో ఉందన్న భయం పుట్టేది కాదు. జనరేటర్ చూసుకునే పనివాడు చనిపోయాక కొవ్వొత్తులు వెలుగుతాయి. అంటే చీకటికీ కథలోనే కారణం ఉంది.

ఇబ్బందల్లా మొదటి అధ్యాయమే: ఎనిమిది మంది ప్రయాణాలు వెంటవెంటనే వచ్చి పేర్లు కలగాపులగమవుతాయి. కాగితం మీద పేరు, వృత్తి రాసుకుని చదివితే రెండో అధ్యాయం నుంచి సాఫీగా సాగుతుంది.