ఆరేళ్ల తర్వాత నా కారు సన్‌రూఫ్: మొరాయించింది మోటారు కాదు, మడ్డి కట్టిన గ్రీజు

ఈ కారు కొని ఆరేళ్లయింది. మైలేజీ గురించీ, ఇంజిన్ గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది పైకప్పులో ఉన్న ఆ అద్దం గురించి ఒక్కటే. ఈ ఆరేళ్లలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిందీ అదే, ఎక్కువ టెన్షన్ పెట్టిందీ అదే.

ముందు సంతోషం సంగతి. చాలామంది సన్‌రూఫ్ అంటే పూర్తిగా తెరిచి ఆకాశం చూడటమే అనుకుంటారు. నేను ఎక్కువగా వాడేది వెనక అంచును కాస్త పైకి లేపే టిల్ట్‌ని. ఎండలో గంటలకొద్దీ నిలిపిన కారు ఎక్కగానే మొదట ఆ స్విచ్ నొక్కుతాను. పైన చేరిన వేడిగాలి అటునుంచి అటే వెళ్లిపోతుంది, ఏసీకి పని తగ్గుతుంది. తెల్లవారుజాము ప్రయాణాల్లో అయితే అద్దం మొత్తం వెనక్కి జరిపి, కిటికీలు మూసేసి నడపడం నాకు ఇప్పటికీ ఇష్టం. మొదటి ఏడాదిలో అద్దం జరుగుతుంటే చప్పుడే వినిపించదని కనపడిన వాళ్లందరికీ చెప్పాను.

మూడో ఏడాదిలో చిన్న కిర్రుమనే శబ్దం మొదలైంది. అద్దం వెనక్కి బాగానే వెళ్లేది, ముందుకు వచ్చేటప్పుడు సగం దారిలో నెమ్మదించేది. ఇంట్లో తలుపు బందులకు కొట్టే తుప్పు వదిలించే స్ప్రే ఉంటే, అదే అద్దం జారే పట్టాల్లోకి కొట్టాను. రెండు వారాలు కొత్త కారులా జరిగింది. సమస్య తీరిందనుకున్నాను. నిజానికి అక్కడే దాన్ని పెంచాను. ఆ స్ప్రేలో ఎక్కువ భాగం పలచటి ద్రావకం. పట్టాల్లో మిగిలి ఉన్న అసలు గ్రీజును కరిగించి కడిగేసి, అది ఆవిరైపోయింది. వెనక మిగిలిన పలచని జిడ్డుకు దుమ్ము అంటుకోవడం మొదలైంది.

ఐదో ఏడాదిలో ఒక రాత్రి, ఊరికి దూరంగా ఉన్న రోడ్డు మీద, అద్దం మొత్తం తెరిచి ఉండగా వాన మొదలైంది. మూసే స్విచ్ నొక్కాను. అద్దం జానెడు ముందుకు వచ్చి, ఆగి, తిరిగి వెనక్కి పోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. వాన పెరుగుతోంది, సీట్లు తడుస్తున్నాయి, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చున్నారు. కంగారులో పదిసార్లు నొక్కి ఉంటాను. చివరికి మోటారు శబ్దం కూడా ఆగిపోయింది. మోటారు కాలిపోయిందనే అనుకున్నాను.

అది కాలిపోలేదని తర్వాత తెలిసింది. ఆపకుండా తిప్పితే వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి కాసేపు పని మానేసే ఏర్పాటు అందులో ఉంది. బండి పక్కకు ఆపి, తెరిచి ఉన్న చోట దుప్పటి అడ్డం పట్టుకుని పావుగంట కూర్చున్నాం. ఆ తర్వాత మా తమ్ముడు కిందికి దిగి, రెండు అరచేతులూ అద్దం వెనక అంచుకు రెండు పక్కలా ఆనించి సమానంగా ముందుకు నెట్టాడు. నేను లోపలి నుంచి స్విచ్‌ని ఒక్కొక్క సెకను చొప్పున నొక్కుతూ వచ్చాను. "అన్నయ్యా, ఎడమ పక్కే పట్టేస్తోంది, నెమ్మదిగా నొక్కు," అని వాడు అరిచిన మాటే తర్వాత నాకు దారి చూపించింది. మొత్తానికి మూసుకుంది.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఐదు నిమిషాలు చూసి, "మొత్తం అసెంబ్లీ మార్చాలండి, వీటికి రిపేరు ఉండదు," అన్నారు. పైకప్పు లోపలి గుడ్డ కూడా విప్పాలట. పట్టాలు తెరిచి చూశారా అని అడిగితే సరైన జవాబు రాలేదు. ఆ రోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎందుకంటే లోపల విరిగింది ఏదీ లేదు.

నేను వెళ్లిన దారి ఇది. స్విచ్ నొక్కితే ఏ శబ్దమూ రాకపోతే మొదట ఫ్యూజు చూడాలి. మోటారు తిరుగుతూ అద్దం కదలకపోతే కేబులో, గేరు పళ్లో పోయి ఉండొచ్చు, అది ఇంట్లో చేసే పని కాదు. నా కారులో మోటారు తిరుగుతోంది, అద్దం కదులుతోంది, కొంత దూరం వచ్చి వెనక్కి పోతోంది. అంటే పట్టుకుపోతోందన్నమాట. మూసుకునేటప్పుడు మామూలు కంటే ఎక్కువ బలం పడితే, ఎవరి చెయ్యో అడ్డు ఉందనుకుని, మోటారును నడిపించే కంట్రోలర్ అద్దాన్ని వెనక్కి పంపిస్తుంది. అది చెడిపోయినట్టు కాదు, తన పని తాను చేస్తున్నట్టు. పైగా ఒకే మోటారు రెండు పక్కల రెండు కేబుళ్లను నెడుతుంది. ఒక పక్క బిగుసుకుంటే అద్దం కొద్దిగా ఏటవాలవుతుంది, ఏటవాలైతే ఇంకా బిగుస్తుంది. తమ్ముడు అరిచిన "ఎడమ పక్క" అర్థమైంది అప్పుడే.

ఒక ఆదివారం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి బ్యాటరీ దిగిపోకుండా చూసుకుని, అద్దాన్ని వీలైనంత వెనక్కి తెచ్చాను. ఎడమ పట్టాలో టార్చి వేసి చూస్తే గాడి కనబడలేదు. నల్లటి మడ్డి, అందులో ఎండుటాకు ముక్కలు, ఇసుక. చెట్టు కింద నిలిపే కారు కదా. పాత టూత్‌బ్రష్‌తో వదులు చేసి, పొడి గుడ్డతో తీశాను. మూలల్లోకి ఇయర్ బడ్స్‌ని, జిడ్డు వదిలించి త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి దూర్చాను. ఎన్ని బడ్స్ నల్లగా వచ్చాయో లెక్కపెట్టలేదు, కానీ రెండు గంటలు పట్టింది. ఈ పనిలో తొందరపడితే మడ్డి ఇంకా లోపలికి పోతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా గ్రీజు డబ్బా మూత తీయకపోవడమే మంచిది. మురికి మీద పూసిన గ్రీజు ఇసుకను పట్టి ఉంచడానికే పనికొస్తుంది.

గ్రీజు సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. పట్టా అల్యూమినియం, దాని మీద జారేవి ప్లాస్టిక్ ముక్కలు, చుట్టూ రబ్బరు బీడింగ్. మూడింటికీ ఒకే గ్రీజు సరిపోతుందనుకోవద్దు. కారు పుస్తకంలో ఫలానాది వాడమని ఉంటే అదే వాడాలి. నా పుస్తకంలో శుభ్రం చేయమని తప్ప ఇంకేమీ లేదు. అందుకని ప్లాస్టిక్‌కి హాని చేయని సిలికోన్ గ్రీజును పట్టాల్లో వేలితో చాలా పలచగా పూశాను. బీడింగ్‌కి కూడా సిలికోన్‌దే, కొద్దిగా గుడ్డకు రాసి తుడిచాను. పెట్రోలియంతో చేసిన మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి మెత్తబడేలా చేస్తుంది, ఆ తర్వాత నీళ్లు ఆపడం దానివల్ల కాదు. స్ప్రే రూపంలో దొరికేదైతే నేరుగా కొట్టకండి, గాజు మీదా పైకప్పు గుడ్డ మీదా మరకలు పడతాయి.

పూసిన తర్వాత తెరిచి మూసి, తెరిచి మూసి, ప్రతిసారీ పొంగి వచ్చిన గ్రీజును తుడిచాను. నాలుగోసారికి ఎడమ పక్క శబ్దం తగ్గింది. అయినా మూసుకుంటూ చివరి అంగుళం దగ్గర వెనక్కి పోవడం మానలేదు. చాలా కార్లలో మూసే స్విచ్‌ని వదలకుండా పట్టుకుంటే కంట్రోలర్ అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కొత్తగా నేర్చుకుంటుంది. ఎన్ని సెకన్లు, ఏ వరసలో అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి పుస్తకం చూసి చేశాను. అద్దం కాస్త కదిలి, ఆగి, తానే ఒకసారి పూర్తిగా తెరుచుకుని మూసుకుంది. ఆ మూసుకోవడం చూసి మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే గొంతు పట్టేసింది.

పనిలో పనిగా నీళ్లు పోయే పైపులు కూడా చూశాను. బీడింగ్ నీళ్లను పూర్తిగా ఆపదు, లోపలికి దిగిన నీళ్లు చుట్టూ ఉన్న కాలువలోకి వచ్చి మూలల్లోని సన్నని గొట్టాల్లోంచి కిందికి పోతాయి. గ్లాసుడు నీళ్లు మూలలో నెమ్మదిగా పోస్తే కారు కింద కారాలి. నా కారులో ముందు ఎడమది సగం మూసుకుపోయి ఉంది. సన్నని నైలాన్ తీగను మెల్లగా దూర్చి తీశాను. గాలి పంపుతో గట్టిగా ఊదితే గొట్టం లోపల ఊడిపోయి, నీళ్లు కాళ్ల దగ్గర చేరే ప్రమాదం ఉంది.

ఇప్పటికి ఏడాది దాటింది. ఆరు నెలలకోసారి పావుగంట ఈ పనికి పెడుతున్నాను, వానాకాలం ముందు తప్పకుండా. ఒకప్పుడు చప్పుడే రాదని చెప్పాను కదా, దాన్ని కాస్త సవరించుకోవాలి. చలి ఎక్కువగా ఉన్న ఉదయాల్లో మొదటిసారి తెరిచినప్పుడు ఎడమ పక్క చిన్న టిక్ వినిపిస్తుంది. ప్లాస్టిక్ ముక్క కొంచెం అరిగిందని నా అనుమానం. దాని కోసం మొత్తం విప్పించే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు. వేగంగా వెళ్తూ పూర్తిగా తెరిస్తే గాలి హోరు కూడా మొదటి ఏడాది నేను చెప్పినదానికంటే ఎక్కువే, ముందున్న గాలి మళ్లించే పట్టీ దాన్ని కొంతవరకే ఆపుతుంది.

ఇంకోసారి కొంటే సన్‌రూఫ్ ఉన్నదే తీసుకుంటానా? నాకు నీడ ఉన్న షెడ్డు లేదు, కారు ఎప్పుడూ చెట్టు కిందే ఉంటుంది, అయినా చేత్తో పని చేసుకునే ఓపిక ఉంది కాబట్టి తీసుకుంటాను. కప్పు కింద నిలిపేవాళ్లకు ఇంత మడ్డి పట్టకపోవచ్చు. ఆ ఓపిక గానీ, విప్పి చూసి చెప్పే మెకానిక్ గానీ లేనివాళ్లు టిల్ట్ మాత్రమే వాడుకున్నా నేను తప్పు పట్టను. మా నాన్నగారి కారులోనూ ఇదే సన్‌రూఫ్ ఉంది, ఆయన మూడేళ్లుగా అది తెరవనే లేదు. వచ్చే ఆదివారం దాని ఎడమ పట్టా చూడాలి.