పొలంలో పాటల గది: ఆరేళ్లు విన్నాక

పొలం గట్టున ఒక గది కట్టుకుని, అందులో పాటలు తప్ప ఇంకేం పెట్టకూడదని ఎప్పటి నుంచో కోరిక. కట్టి ఆరేళ్లయింది. దాదాపు రోజూ వింటున్నాను.

"ఇక్కడ చప్పుడేముంది" అనుకుని పైన రేకులు వేయించడం మొదటి తప్పు. వాన పడ్డ రాత్రి స్పీకర్లు ఎంత పెంచినా రేకుల మోతే. తర్వాత కింద రెండు పొరల జిప్సం బోర్డు, దానిపైన రాక్‌వూల్ (చప్పుడు పీల్చే రాతి నారల పరుపు) వేయిస్తే మామూలు వాన వినపడటం తగ్గింది. జడివానకు మాత్రం ఇప్పటికీ ఆపేసి కూర్చోవాల్సిందే. స్లాబ్ వేసుంటే ఈ గొడవ ఉండేది కాదు. ఇక తలుపు. రాత్రి లోపల లైటు వేసి బయట నుంచి చూస్తే కింద సన్నటి వెలుగు గీత కనిపించింది. కప్పల బెకబెకలు వచ్చేదీ ఆ సందులోంచే. రబ్బరు పట్టీతో పోయింది.

అసలు దెబ్బ కొలతల దగ్గర తగిలింది. గది చదరంగా ఉండకూడదని చదివి పొడవు 21, వెడల్పు 14, ఎత్తు 10 అడుగులు పెట్టించాను. అంకెలు వేరువేరుగా ఉన్నాయి కదా అని ధీమా. 21 అంటే మూడేడులు, 14 అంటే రెండేడులు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని స్వరాలు గదిలో ఎక్కువగా మోగుతాయి, వాటినే మోడ్‌లు అంటారు. ఈ ఏడుల లెక్కతో పొడవు మూడో మోడూ, వెడల్పు రెండో మోడూ రెండూ 81 హెర్ట్జ్ అనే ఒకే మంద్ర స్వరం దగ్గర పడ్డాయి. బేస్ గిటార్ మెట్లు దిగుతుంటే ఆ ఒక్క స్వరం దగ్గర గది "భుం" అనేది, మిగతావి మామూలే. పైగా నా కుర్చీ వెనక గోడకు సరిగ్గా 7 అడుగుల్లో, అంటే ఆ మోత బాగా తగిలే చోట ఉంది! రెండడుగులు ముందుకు జరిపాను, మూలల్లో నేల నుంచి పైదాకా మందపాటి బేస్ ట్రాప్‌లు (మంద్ర స్వరాల మోతను పీల్చే దిమ్మెలు) పెట్టాను. చాలావరకు సర్దుకుంది. అంతకుముందు గోడలకు అంటించిన పల్చటి ఫోమ్ బేస్‌కి ఎందుకూ పనికిరాలేదు, తాళాల మెరుపు మాత్రం తినేసింది. పీకేశాను. మళ్లీ కడితే వెడల్పు 13 పెడతాను.

కరెంటుకి వేరే లైను, మంచి ఎర్తింగ్ వేయించడం మాత్రం మొదట్లోనే చేసిన తెలివైన పని. స్పీకర్లలో కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే హమ్ లేదు.

సందులన్నీ మూసేశాక గాలి ఆడదు, ఆంప్లిఫయర్ వేడి ఒకటి. ఏసీ వేస్తే చప్పుడు, ఆపితే చెమట. నెమ్మది పాటలకు ఆపి, హోరు పాటలకు వేసి నెట్టుకొస్తున్నాను.