ఫుల్‌ఫేసా, ఓపెన్‌ఫేసా? బండి దగ్గర వదిలి వెళ్లే హెల్మెట్‌కి ఏది మేలు

విజయవాడ బీసెంట్ రోడ్డుకి బండి మీద వెళ్తే కొట్టు ముందు ఆపే చోటుండదు. ఏదో పక్క సందులో స్టాండు వేసి నడవాల్సిందే. మిరప సీజన్లో గుంటూరు యార్డు దగ్గరా అంతే. అప్పుడు హెల్మెట్‌ని చేత పట్టుకుని జనంలో తిరగాలా, బండికే వదిలేయాలా? సైడ్ అద్దానికి తగిలించి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. హెల్మెట్ కొనేటప్పుడు రంగు అడుగుతారు, ధర అడుగుతారు, సైజు కూడా అడుగుతారు. తాళం దీనికి ఎక్కడ పడుతుందని మాత్రం అడగరు. అడిగితే ఫుల్‌ఫేసా, ఓపెన్‌ఫేసా అన్న లెక్క చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు తల సంగతి. ఓపెన్‌ఫేస్ చెవులదాకా కప్పుతుంది, గడ్డం బయటే ఉంటుంది. బండి మీద నుంచి ముందుకు పడ్డవాడికి రోడ్డు తగిలేది మూతికి, దవడకి. అక్కడ వైజర్ ఏ అడ్డూ కాదు, అది గాలిని, దుమ్మును ఆపే ప్లాస్టిక్ రేకు మాత్రమే. కాజ టోల్‌గేటు మీదుగా గుంటూరు–విజయవాడ రోజూ తిరిగేవాళ్లకి ఈ విషయంలో రెండో మాట లేదు, ఫుల్‌ఫేసే. ఉక్కపోత నిజమే. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఫుల్‌ఫేస్‌లో తల ఉడికిపోతుంది. అందుకని ఓపెన్‌ఫేస్ కొనే బదులు, నుదుటి దగ్గరా గడ్డం దగ్గరా గాలి రంధ్రాలుండి, వెనక గాలి బయటికి పోయే దారి ఉన్న ఫుల్‌ఫేస్ చూసుకోవడం మేలు. వెనక దారి లేకపోతే ముందు ఎన్ని రంధ్రాలున్నా అలంకారమే. సిగ్నల్ దగ్గర వైజర్ ఎత్తుకోండి, చాలు.

మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లు, కాలనీ దాటని స్కూటర్ ప్రయాణాలు: ఓపెన్‌ఫేస్‌కి ఈ రెండు చోట్ల అర్థముంది. ఫుల్‌ఫేస్ సాధారణంగా 1.2 నుంచి 1.6 కిలోలు తూగుతుంది, ఓపెన్‌ఫేస్ కిలో అటూ ఇటూ. టోపీలా నెత్తి మీద మాత్రమే కూర్చునే చిప్ప హెల్మెట్ల గురించి పోల్చడానికి ఏమీ లేదు.

ఏది కొన్నా ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. స్టిక్కర్ మీద ఉన్న కంపెనీ, యాప్‌లో వచ్చిన కంపెనీ ఒకటి కాకపోతే అక్కడే వదిలేయండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ లేని టూవీలర్ హెల్మెట్ అమ్మడమే నిషేధం, అయినా రోడ్డు పక్క గుట్టలు పోసి అమ్ముతూనే ఉన్నారు. లోపలి గుడ్డ కొంచెం జరిపి బొటనవేలితో నొక్కండి. గట్టి థర్మకోల్ తగలాలి. మెత్తటి స్పాంజి మాత్రమే తగిలితే అది హెల్మెట్ కాదు. దెబ్బను మింగేది ఆ థర్మకోలే. ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు, అందుకే యాక్సిడెంట్ చూసిన హెల్మెట్‌ని పైన గీత కూడా లేకపోయినా మార్చేయాలి.

సైజుకి కుట్టు టేపు చాలు. కనుబొమ్మలకి అంగుళం పైన, వెనక తల బాగా పొడుచుకొచ్చిన చోటు మీదుగా చుట్టి కొలవండి. 58 సెం.మీ. వస్తే చాలా కంపెనీల్లో మీడియం, 60 వస్తే లార్జ్. పెట్టుకుని పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. ఊడొస్తే ఒక సైజు తగ్గించాలి. బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి, కొత్తలో అది మంచి లక్షణమే. నుదుటి మీద ఒక్క చోట మాత్రం నొప్పి పుడితే మీ తల ఆకారానికి ఆ మోడల్ పడదు. జడ ఉన్నవాళ్లు మెడ దగ్గర కిందకి కట్టుకోవాలి. క్లచ్చర్ పెట్టుకుని పైన హెల్మెట్ బిగిస్తే, పడ్డప్పుడు తలకి ముందు గుచ్చుకునేది ఆ క్లచ్చరే.

తాళం పట్టే చోటు

ఇక అసలు తేడా. ఫుల్‌ఫేస్‌కి గడ్డం ముందు చిన్ గార్డు ఉంటుంది. వైజర్ ఎత్తి, కేబుల్ లాక్ (ఉక్కు తీగకి తాళం ఉన్నది) తీగని కంటి ఖాళీలోంచి లోపలికి దూర్చి మెడ వైపు నుంచి బయటికి తీస్తే, తీగ ఆ చిన్ గార్డును చుట్టుకుంటుంది. అది హెల్మెట్ పెంకులో భాగం. రంపంతో కోస్తే తప్ప రాదు, కోసిన హెల్మెట్‌ని ఎవడూ కొనడు. గడ్డం భాగం పైకి లేచే ఫ్లిప్‌అప్ రకాలకీ ఇది పనికొస్తుంది. చిన్ గార్డు పైకి లేచినా రెండు చెంపల దగ్గరా అతుక్కునే ఉంటుంది కాబట్టి తీగ జారదు. మరలు విప్పే ఓపిక ఉన్నవాడి సంగతి వేరు.

ఓపెన్‌ఫేస్‌కి తీగ చుట్టడానికి చిన్ గార్డు లేదు. మిగిలింది గడ్డం పట్టీ ఒక్కటే. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. టక్కున నొక్కితే విడిపోయే బకిల్ ఉన్న పట్టీని బండి కొక్కేనికి చుట్టి, బకిల్ పెట్టి, తాళం వేశామనుకుంటారు. దాన్ని విప్పడానికి తాళం చెవి ఎందుకు? వేలితో బకిల్ నొక్కితే చాలు. కేబుల్ లాక్‌ని ఆ పట్టీ లోంచి దూర్చినా ఇదే కథ. తాళం భద్రంగా బండికే ఉంటుంది, హెల్మెట్ ఉండదు.

పట్టీకి తాళం నిలవాలంటే దానికి కుట్టేసిన ఇనప రింగు కావాలి. రెండు ఇనప రింగుల్లోంచి పట్టీ మెలిపెట్టి బిగించే డీ రింగ్ రకానికి అది ఉంటుంది. సీటు కింద కంపెనీ ఇచ్చే హెల్మెట్ కొక్కెం కూడా ఆ రింగు కోసమే. సీటు తెరిచి, రింగును కొక్కేనికి తగిలించి, సీటు మూసేస్తే పని అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. బకిల్ రకాల్లో కొన్నిటికి పట్టీ చివర ప్రత్యేకంగా చిన్న రింగు కుడతారు. కొట్లో ఉండగానే వెతికి చూడండి. లేకపోతే ఆ ఓపెన్‌ఫేస్‌ని డిక్కీలో తప్ప ఇంకెక్కడా వదలలేరు.

రింగు ఉన్నా పట్టీ బట్టదే, బ్లేడుకి తెగుతుంది. తెగిన పట్టీతో ఆ హెల్మెట్ తలకి పనికిరాదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ నెత్తి మీద ఉంటే చాలనదు, పట్టీతో బిగించి ఉండాలంటుంది. దొంగకి ఆ చట్టంతో పనిలేదు గానీ, బ్లేడు తీసేవాడికంటే ఊరికే ఎత్తుకుపోయేవాడే ఎక్కువ. ఆ రెండోవాడికి సీటు కొక్కెం చాలు. కాసేపటి పనికి, జనం తిరిగే చోట, డీ రింగ్ ఉన్న ఏ హెల్మెట్‌కైనా దాన్నే వాడుకోవచ్చు. సినిమాకో, రైల్వే స్టేషన్ దగ్గర పొద్దుటి నుంచి రాత్రి దాకానో వదలాలంటే కేబులే.

కేబులా, గొలుసా, పెట్టెనా

కేబుల్ లాక్ అని వంద రూపాయల సన్న తీగ కొనొద్దు. ప్లాస్టిక్ తొడుగు లోపల ఉక్కు తీగ కనీసం 5, 6 మి.మీ. మందం ఉండాలి. కొన్నప్పుడే రెండు చివరలూ పట్టి గట్టిగా గుంజండి, తీగ కంటే ముందు ఊడేది తాళంలోకి నొక్కి బిగించిన ఆ కొసే. పొడవు ఒక హెల్మెట్‌కి 60, 70 సెం.మీ. సరిపోతుంది, వెనక కూర్చునేవాళ్లది కూడా ఉంటే 120 తీసుకోండి. అంకెల తాళానికి చెవి పోయే బాధ లేదు, మూడు అంకెలైతే వెయ్యి రకాలే. మూసేటప్పుడు చివరి అంకె ఒక్కటే తిప్పేసి వెళ్లే అలవాటుంటే ఆ వెయ్యి కాస్తా పది అవుతుంది. చెవి తాళంలో మన దుమ్ముకి నూనె పోస్తే జిగురై బిగుసుకుంటుంది. పెన్సిల్ ముల్లు పొడి చేసి ఊదండి.

ఇనప కొట్లో దొరికే సన్న గొలుసు, చిన్న తాళంకప్ప కేబుల్ కంటే మొండివి. బరువూ, గీతలూ దాని లోపాలు. పాత సైకిల్ ట్యూబు ముక్కని గొలుసుకి తొడిగితే గీతలు పడవు.

దేనికి కట్టాలన్నది కూడా ముఖ్యమే. ఎడమ పక్క శారీ గార్డు దీనికోసమే పుట్టిందా అన్నట్టుంటుంది, రెండు వైపులా బోల్టులతో మూసుకుని ఉంటుంది. వెనక పట్టుకునే కమ్మీ, క్రాష్ గార్డు కూడా సరే. క్లచ్ లీవర్‌కి, అద్దం కాడకి చుడితే తీగ పైనుంచి జారి వచ్చేస్తుంది. చక్రంలోంచి మాత్రం దూర్చొద్దు. మరిచిపోయి బండి కదిపితే హెల్మెట్ చక్రానికి చుట్టుకుని మీరు కింద పడతారు. సైలెన్సర్ ఉన్న పక్క, పెట్రోలు ట్యాంకు మీద కూడా వద్దు. వేడికి, పెట్రోలుకి పెంకూ థర్మకోలూ రెండూ పాడవుతాయి.

స్కూటర్ వాళ్లకి డిక్కీని మించిన తాళం లేదు, పడితే. యాక్టివాలో 18 లీటర్ల చోటు, చాలా ఫుల్‌ఫేస్‌లు పెడితే సీటు మూతపడదు, ఓపెన్‌ఫేస్ కుదురుతుంది. జూపిటర్ 125లో 33 లీటర్లు, రెండు హెల్మెట్లకి చోటుంది. హెల్మెట్ కొనడానికి స్కూటర్ మీదే వెళ్లి, డబ్బు ఇచ్చే ముందు డిక్కీలో పెట్టి చూడండి. వైజర్ పైకి చూసేలా, చిన్ గార్డు ముందుకి, వెనక్కి రెండు రకాలా తిప్పి చూడాలి, ఒక వైపు పట్టనిది రెండో వైపు పడుతుంది. సీటు మీద ఎక్కి కూర్చుని బలవంతంగా మూస్తే నలిగేది లోపలి థర్మకోలే. బైకు వాళ్లు వెనక పెట్టె బిగించుకుంటే అన్నిటికంటే భద్రం. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఇరుకు సందుల్లో వెనక ఎత్తుగా అడ్డం పడుతుంది. 30 లీటర్లకి తక్కువదైతే ఫుల్‌ఫేస్ పట్టడం కష్టం.

కాబట్టి బైకుకి చిన్ గార్డు చుట్టిన కేబుల్‌తో ఫుల్‌ఫేస్, పెద్ద డిక్కీ స్కూటర్‌కీ ఫుల్‌ఫేసే. చిన్న డిక్కీ, ఊళ్లో తిరుగుళ్లు మాత్రమే అయితే డీ రింగ్ ఉన్న ఓపెన్‌ఫేస్.

బయట కట్టి వెళ్లేటప్పుడు మెడ వైపు నేలకి ఉండాలి. తలకిందులుగా వేలాడితే అక్టోబరు వానకి అది చెంబులా నిండుతుంది. తడిస్తే లోపలి గుడ్డ ఊడదీసి షాంపూ నీళ్లలో పిండండి, కొబ్బరి నూనె జిడ్డు కూడా పోతుంది. పెంకుని ఫ్యాన్ కింద ఆరబెట్టాలి, డాబా మీద ఎండలో కాదు.