ఆటకూ పాటకూ ఒకే హెడ్‌ఫోన్సా? ఏది తీసుకుంటే మేలు?

"రాత్రి ర్యాంక్డ్ మ్యాచ్‌లు ఆడతాను, మిగతా టైమంతా పాటలు వింటాను, రెండు కొనే పరిస్థితి లేదు, ఏది తీసుకోమంటావు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబు ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత ఎందుకో తీరిగ్గా చూద్దాం. మీ గది ప్రశాంతంగా ఉంటే వైరున్న ఓపెన్ బ్యాక్ (కప్పు వెనక జాలీ ఉండే) హెడ్‌ఫోన్స్, దానికి తోడు విడిగా ఒక మైకు తీసుకోండి. చుట్టూ గోల ఉంటే ఐఈఎంలు, అంటే చెవి లోపలికి బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్, తీసుకోండి. వైర్లు మాకు పడవు అంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో, అంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్‌తో, వచ్చేది చూడండి, ఆటకు బ్లూటూత్ మాత్రం వద్దు. డబ్బా మీద "గేమింగ్" అని ఉందా లేదా అన్నది నేను లెక్కలోకే తీసుకోను.

నేను కూడా చాలాకాలం ఒక గేమింగ్ హెడ్‌సెట్టే వాడాను. గ్రెనేడ్ పేలితే తల అదిరేది, అదే గొప్ప అనుకున్నాను. ఒకరోజు దాని వైరు తెగిపోతే, స్నేహితుడు పాటలు వినడానికి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ అడిగి తెచ్చుకున్నాను. రోజూ ఆడే మ్యాపే, సెట్టింగ్స్ ఒక్కటి కూడా మార్చలేదు. మెట్ల మీద ఎవరో దిగుతున్నారని, వాళ్లు నా ఎడమ పక్క కాదు, ఎడమ వెనక ఉన్నారని తెలిసింది. ఆ చప్పుడు అన్నాళ్లూ ఆటలో ఉంది, నా చెవిదాకానే రాలేదు. ఆ రాత్రి పాటలు పెడితే, వందసార్లు విన్న పాటలోనే వెనక పాడుతున్న రెండో గొంతు కొత్తగా వినపడింది.

ఈ రెండూ ఒకే కారణం వల్ల జరిగాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం, అంటే బేస్, గట్టిగా ఉంటే, దానికంటే పై ఫ్రీక్వెన్సీల్లో ఉన్న చిన్న శబ్దాలను మన చెవి పట్టుకోలేదు. దీన్ని మాస్కింగ్ అంటారు. అడుగుల చప్పుడులో మనకు పనికొచ్చే వివరం, అంటే చెక్క మీద నడుస్తున్నాడా ఇనుప రేకు మీదా, దగ్గరా దూరమా అన్నది, ఎక్కువగా మధ్య, పై మధ్య ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. పాటలో గొంతు స్పష్టత, వయొలిన్ తీగ మీద విల్లు గీరుకునే శబ్దం ఉండేదీ అక్కడే. బేస్ ఉబ్బిపోతే ఆటలో శత్రువూ కనుమరుగే, పాటలో గాయకుడూ కనుమరుగే. అందుకే ఆటకు ఒక రకం, పాటకు ఇంకో రకం అని విడదీయడం నాకు నచ్చదు. శబ్దాన్ని సమంగా, విడివిడిగా వినిపించేది రెండింటికీ పనికొస్తుంది.

ఇక ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా. అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే. ఓపెన్ బ్యాక్‌లో కప్పు వెనక జాలీ ఉంటుంది, శబ్దం పుట్టించే భాగమైన డ్రైవర్ వెనక నుంచి వచ్చే శబ్దం అందులోంచి బయటికి వెళ్లిపోతుంది. కప్పు గోడలకు కొట్టుకుని మళ్లీ చెవికి రావడం తక్కువ కాబట్టి శబ్దం తల లోపల బందీ అయినట్టు కాకుండా కాస్త విశాలంగా అనిపిస్తుంది, గాలి ఆడుతుంది కాబట్టి చెవులు చెమటపట్టడమూ తక్కువే. కానీ మీరు వినేదంతా పక్కవాళ్లకు వినపడుతుంది, పక్కవాళ్లు మాట్లాడేదంతా మీకు వినపడుతుంది. ఫ్యాను చప్పుడు, టీవీ, తలుపు గడియ అన్నీ లోపలికి వస్తాయి. మైకు దగ్గరగా ఉంటే ఆట శబ్దం అందులోకి కూడా కొంచెం దూరుతుంది. క్లోజ్డ్ బ్యాక్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. బయటి గోల తగ్గుతుంది, బేస్‌కి బలం వస్తుంది, కాకపోతే ఎక్కువ మోడళ్లలో ఆ బేస్ కాస్త మోతగా మారి మధ్యలోని వివరాన్ని నొక్కేస్తుంది.

చాలామంది "సౌండ్‌స్టేజ్ పెద్దగా ఉంటే దిశ బాగా తెలుస్తుంది" అనుకుంటారు. అది సగమే నిజం. విశాలంగా వినిపించడం వేరు, ఏ మూల నుంచి వస్తోందో కచ్చితంగా తెలియడం వేరు. రెండోదాన్ని ఇమేజింగ్ అంటారు, మ్యాచ్‌లో కాపాడేది అదే. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి తర్వాత చేరుతుంది, ఆ తేడా ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. దానికి తోడు రెండు చెవులకూ అందే గట్టితనంలో తేడా ఉంటుంది. మెదడు ఈ రెండింటినీ పట్టుకుని కుడి ఎడమలు లెక్కగడుతుంది. కాబట్టి ఎడమ డ్రైవరూ కుడి డ్రైవరూ అచ్చం ఒకేలా పలకడం, వెడల్పుగా వినిపించడం కన్నా ముఖ్యం. ఎడమలో ఒక చోట రెండు డెసిబెల్స్ ఎక్కువ, కుడిలో తక్కువ ఉంటే మనిషి ఉన్నచోట కాకుండా పక్కన ఉన్నట్టు వినిపిస్తాడు.

పేర్లతో చెప్పమంటే, ఓపెన్ బ్యాక్‌లో ఆటకూ పాటకూ కలిపి నేను మొదట చెప్పేది సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్. 2020లో వచ్చింది, 120 ఓమ్స్ (మామూలుగా ఈ అంకె పెరిగేకొద్దీ మోగించడానికి ఎక్కువ బలం కావాలి), బరువు 240 గ్రాములే, బేస్ ఉబ్బరం లేదు, దిశ తెలుస్తుంది. దీని అన్నగారు హెచ్‌డీ 600 అయితే 1997 నుంచి ఇప్పటికీ తయారవుతూనే ఉంది. మనిషి గొంతు దానిలో వినిపించినంత సహజంగా నాకు చాలా తక్కువ వాటిలో వినిపించింది, కానీ శబ్దం కొంచెం దగ్గరదగ్గరగా ఉంటుంది, పైగా 300 ఓమ్స్ కాబట్టి బలహీనమైన అవుట్‌పుట్‌కి పెడితే నీరసంగా పలుకుతుంది. పాటలే ముఖ్యం, ఆట వారానికి రెండు రోజులు అనేవాళ్లకు 600. రోజూ ర్యాంక్ కోసం కొట్టుకునేవాళ్లకు 560ఎస్. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో గురించి గేమర్లు తెగ చెప్తారు, నిజమే, దానిలో ట్రెబుల్, అంటే పై ఫ్రీక్వెన్సీల శబ్దం, పైకి లేచి ఉంటుంది కాబట్టి అడుగులు, రీలోడ్ చప్పుళ్లు గుచ్చినట్టు వినపడతాయి. అదే గుణం పాట దగ్గరికొచ్చేసరికి సమస్య. "స", "ష" అక్షరాలు చెవిలో గీరుతాయి, గంటసేపు వింటే అలసట వస్తుంది. ఈక్వలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సరిచేసే సాఫ్ట్‌వేర్) వాడే ఓపిక ఉంటేనే దాని వైపు వెళ్లండి.

క్లోజ్డ్ కావాల్సినవాళ్లకు అదే కంపెనీ డీటీ 770 ప్రో ఉంది, మెత్తటి వెలూర్ ప్యాడ్‌లు, 80 ఓమ్స్ రకం చాలామందికి సరిపోతుంది. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ కూడా మంచిదే, 38 ఓమ్సే కాబట్టి దేనికి పెట్టినా మోగుతుంది, కానీ కప్పులు చిన్నవి, చెవులు పెద్దగా ఉన్నవాళ్లకు రెండు గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య నేనైతే 770 వైపే మొగ్గుతాను, ఆ సౌకర్యం కోసమే.

మరి గేమింగ్ హెడ్‌సెట్లు పనికిరావా? వస్తాయి. మైకు దానికే ఉంటుంది, ఒకే వైరు, పెట్టుకుని కూర్చోవడమే. టీమ్‌తో రోజూ మాట్లాడాలి, బల్ల మీద జాగా లేదు, విడి మైకు తలనొప్పి వద్దు అనుకునేవాళ్లకు అది న్యాయమైన ఎంపికే. నేను కాదనేది దాని మీద రాసే 7.1 సరౌండ్ అన్న మాటను, అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బేస్‌కి ఒకటి ఉన్నట్టు వినిపిస్తుందన్న మాటను. దాదాపు అన్నింటిలోనూ చెవికి ఒక్క డ్రైవరే ఉంటుంది, ఆ 7.1 సాఫ్ట్‌వేర్ చేసే పని. ఇప్పుడు ఆటలే ఆ పని బాగా చేస్తున్నాయి. వాలరంట్ అనే షూటింగ్ ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే ఆప్షన్ ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ల కోసం శబ్దాన్ని తనే లెక్కగట్టి ఇస్తుంది. మన తల, చెవి డొప్పల ఆకారం వల్ల ముందు వెనకల నుంచి, పైనుంచి వచ్చే శబ్దం ఎలా మారుతుందో చూసి, ఆట ఆ మార్పును ముందే కలిపి పంపుతుంది. దాని మీద హెడ్‌సెట్ 7.1, ఆపైన విండోస్ స్పేషియల్ సౌండ్ కూడా ఆన్ చేస్తే లెక్క మీద లెక్క పడి అంతా గిన్నెలో మోగినట్టు తయారవుతుంది, వెనక ఉన్నవాడు ముందు ఉన్నట్టు అనిపిస్తాడు. ఒక్కటే ఉంచండి, అదీ ఆట లోపలిది. పాటలకైతే అన్నీ ఆఫ్, రెండు ఛానళ్ల కోసం కలిపిన పాటను రెండు ఛానళ్లలోనే వినాలి.

ఐఈఎంల దగ్గరికి వస్తే, పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట వీటికే సరిపోతుంది. మూన్‌డ్రాప్ చూ, ట్రూథియర్ జీరో లాంటివి మొదటి మెట్టులో ఉన్నవే అయినా ట్యూనింగ్‌లో శ్రద్ధ కనపడుతుంది, ఎడమ కుడి కూడా చక్కగా కలుస్తాయి. అదే డబ్బుకు పెద్ద హెడ్‌సెట్ ఏదీ ఇంత శుభ్రంగా పలకదని నా నమ్మకం. పెద్ద టోర్నమెంట్లలో స్టేజీ మీద ఆడేవాళ్లను గమనించండి, చెవి లోపల ఇయర్‌ఫోన్స్, వాటిపైన పెద్ద హెడ్‌సెట్ పెట్టుకుంటారు. ఆట శబ్దం లోపలివాటిలో వస్తుంది, పైది జనం కేకల్ని ఆపడానికి. ఇంట్లో మీకు అంత అక్కర్లేదు, టిప్స్, అంటే చెవిలో కూర్చునే మెత్తటి తొడుగులు, సరైన సైజువి దొరికితే చాలు. టిప్ వదులైతే బేస్ మొత్తం కారిపోతుంది, చాలామంది ఐఈఎం బాలేదని తీసిపారేసేది ఈ ఒక్క తప్పు వల్లే. వీటి లోపం కూడా చెప్పాలి. శబ్దం తల లోపలే తిరుగుతుంది, కొందరికి చెవి లోపల గంటల తరబడి ఏదైనా ఉంటే దురద, నొప్పి వస్తాయి. మీరు ఆ రకం అయితే ఎంత బాగా పలికినా అది మీకు కాదు.

వైర్‌లెస్ గురించి ఎక్కువ అక్కర్లేదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. ఎదుటివాడు మూల తిరిగి కాల్చేశాక అడుగులు వినపడితే ఏం లాభం? పైగా ఆ మైకు ఆన్ చేయగానే చాలావాటిలో కనెక్షన్ ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోయి, అంతవరకూ బాగున్న శబ్దం పాత టెలిఫోన్‌లా అయిపోతుంది. డాంగిల్ రకంలో ఈ రెండు బాధలూ చాలావరకు లేవు, ఛార్జింగ్ చూసుకుంటే చాలు. అయితే బ్యాటరీ, రేడియో, మైకు అన్నీ అదే డబ్బులో కూర్చోవాలి కాబట్టి, సమాన ఖర్చులో వైరున్నదే బాగా పలుకుతుంది.

డ్యాక్ (డిజిటల్ శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), యాంప్ (ఆ సిగ్నల్‌కి బలం ఇచ్చేది) కొనాలా అని టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. 80 ఓమ్స్ లోపు మామూలు హెడ్‌ఫోన్స్‌కి మదర్‌బోర్డు వెనక జాక్ చాలావరకు సరిపోతుంది. కేబినెట్ ముందు జాక్‌లో మౌస్ కదిపినప్పుడల్లా కీచుమనే శబ్దం వస్తుంటే, లేదా ఐఈఎంలో సన్నగా సుయ్యిమంటుంటే, ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్ డ్యాక్ ఆ జబ్బును నయం చేస్తుంది. 250, 300 ఓమ్స్ వాటికి మాత్రం యాంప్ అడగడం న్యాయం. అంతకుమించి ఖరీదైన డ్యాక్ పెడితే అడుగులు ఎక్కువ వినపడతాయన్నది నేను నమ్మను, ఆ డబ్బు హెడ్‌ఫోన్స్ మీదే పెట్టండి.

కళ్లద్దాలు ఉన్నవాళ్లకు ఒక మాట. లెదర్ లాంటి ప్యాడ్‌లున్న క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్‌లో అద్దాల కాడ పక్క నుంచి గాలి లీకై బేస్ తగ్గిపోతుంది, కణత దగ్గర నొక్కుతుంది కూడా. మెత్తటి గుడ్డ ప్యాడ్‌లున్న ఓపెన్ బ్యాక్‌లో ఈ ఇబ్బంది తక్కువ. స్పెక్ షీట్‌లో కనపడని విషయం ఇది, నాలుగు గంటల ఆటలో మాత్రం అన్నిటికన్నా ముందు తెలిసొచ్చేది.

వాల్యూమ్ సంగతి కూడా మరవకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు, 90కి వెళ్తే 4 గంటలే. అడుగులు వినపడటం కోసం వాల్యూమ్ పెంచేవాళ్లు తుపాకీ మోతను కూడా అంతే పెంచుతున్నారు. చెవి పోతే తిరిగి రాదు, మార్చుకోవడానికి వేరే మోడల్ లేదు. వాల్యూమ్ బదులు ఈక్వలైజర్ ముట్టుకోండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒకటి రెండు పెంచండి, ఆటకు ఒక ప్రొఫైల్, పాటకు ఏ మార్పూ లేనిది ఇంకోటి పెట్టుకోండి.

కొత్తది కొనేముందు ఇప్పుడున్నదానితోనే ఈ పని చేసి చూడండి. 7.1 ఆపండి, ఈక్వలైజర్ పెట్టండి, స్నేహితుణ్ణి ప్రైవేట్ మ్యాచ్‌లోకి పిలిచి మీ చుట్టూ నడవమనండి. మీరు కళ్లు మూసుకుని కదలకుండా, అతను ఆగినప్పుడల్లా ఎక్కడున్నాడో చెప్పండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే మీ హెడ్‌ఫోన్స్‌తో గొడవేం లేదు, డబ్బు దాచుకోండి. కుడి ఎడమలు సరిపోయి, ముందు వెనకలు మాత్రం తప్పుతుంటే ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ సెట్టింగ్ మళ్లీ చూడండి. కుడి ఎడమలే తప్పుతుంటే మాత్రం హెడ్‌ఫోన్స్ మార్చాల్సిన టైమొచ్చింది.